పటాన్‌చెరు పొయ్యి ధాబాతో రాజుకోలేదు

బొంబాయి రోడ్డు ఆరు వరుసలవుతోంది. బీహెచ్ఈఎల్ నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పక్క పొయ్యిలు ఒక్కొక్కటీ లేచిపోతున్నాయి. సరిగ్గా ఇప్పుడే మన దిక్కు తిండి గురించి రాసేవాళ్లూ ఎక్కువయ్యారు. అందరిదీ ఒకటే పాట. ఫ్యాక్టరీలు రాకముందు ఇక్కడ ఇల్లు దాటితే తినే చోటే లేదట, లారీల వెంట ధాబా వచ్చాకే బాటసారికి ముద్ద దొరికిందట. ఈ మాట తప్పు. ఒకరు రాసింది చూసి మరొకరు రాయడంతో అదే చరిత్రగా చలామణి అవుతోంది.

పాత వైభవం చెప్పి వాదన గెలవాలని నాకు లేదు. 11వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య జయసింహుడు కొలువున్న పొట్టలకెరె మన పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. సంగారెడ్డి అవతల కొండాపూర్ దిబ్బల్లో 1940ల్లో ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తవ్విస్తే శాతవాహనుల నాణేలు, మట్టిపాత్రలు గుట్టలుగా బయటపడ్డాయి. గొప్ప సంగతులే. కానీ రాజు ఎక్కడున్నాడో తెలిసినంత మాత్రాన బండివాడు ఏం తిన్నాడో తెలియదు. నా వాదన మన తాతల కాలానిది.

సదాశివపేట అంగడికి ఎడ్లను తోలుకుపోయిన రైతు చద్దిమూటలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం కట్టుకుపోయేవాడు. మూట అయిపోతే అంగట్లోనే మిర్చీలు, గారెలు కాల్చే పొయ్యిలుండేవి. పొద్దుగూకితే కల్లు దుకాణం. అక్కడ కల్లు ఒక్కటే కాదు, ఉడకబెట్టిన గుడాలు, బోటి, చేప ముక్కలు కూడా అమ్మేవారు. కూలికి పోయి వచ్చినవాడికి ఇంటి బయట తిండి అంటే అదే. వీటికి బోర్డుల్లేవు, బిల్లుల్లేవు. పొయ్యి దగ్గర కూర్చున్నది చాలాచోట్ల ఆడవాళ్లే కాబట్టి కాగితాల మీద వాళ్ల పేర్లూ లేవు. రాసేవాళ్లు బోర్డున్న చోటే వెతికారు, వాళ్లకు ధాబాలే కనబడ్డాయి.

ధాబాలను తక్కువ చేయడం లేదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, ఆ దశాబ్దంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1980ల్లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చాయి. ఇంతమందికి అన్నం ఎవరు పెట్టాలి? 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించి కార్మికులున్న చోట క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. పెద్ద కంపెనీల వాళ్లకు పళ్లెంలో వేడి అన్నం దొరికింది. చిన్న షెడ్లలో, ఆ లెక్కకు అందని చోట్ల పనిచేసేవాళ్లు గేటు బయటికే రావాలి. ఇస్నాపూర్ చౌరస్తాలో, పాశమైలారం దారిలో టిఫిన్ బండ్లు, మెస్సులు అందుకే పుట్టాయి. షిఫ్టు మారే వేళ ఆ దారిన నడవండి. ఒక అడుగు దూరంలో ఇడ్లీ ఆవిరి, ఇంకో అడుగులో ఆవనూనెలో వేగుతున్న ఆలుగడ్డ. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు తమ వంటను వెంట తెచ్చుకున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎందరో ఆ రాష్ట్రాల బిడ్డలే. వాళ్లలాంటివాళ్లకు అన్నం పెట్టే మెస్సులు కూడా మన ఊరి చరిత్రే. వాటిని వదిలేసి రాసిన తిండి చరిత్రను నేను ఒప్పుకోను.

మరి జొన్నరొట్టె ఎందుకు వెనక్కి పోయింది? ధాబా కొట్టిన దెబ్బ కాదది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో కూడా అన్నం రోజువారీ అయింది. మంచిదే, ఆకలి తీరింది. కానీ జొన్నచేను తగ్గింది, గట్క, అంబలి పిల్లలకు తెలియకుండా పోయాయి. ఇంకోపక్క ఫ్యాక్టరీల మురికినీళ్లు నక్కవాగులో కలిసి చుట్టుపక్కల పొలాలను చెడగొట్టాయి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. తిండి పండించే ఊళ్లే తిండి కొనుక్కునే ఊళ్లయ్యాయి.

ఇదే నేల మీద, మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లు లేచిపోయిన చోట, ఇక్రిశాట్ విత్తన భాండాగారం ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి వంటి పంటలవి లక్షా 20 వేలకు పైగా రకాలు ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చి అక్కడ దాచారు. జొన్న గురించి తెలుసుకోవాలంటే లోకమే పటాన్‌చెరుకు వస్తుంది. అటు జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత పంటలను కాపాడారు, ఆ సొసైటీ చిరుధాన్యాల హోటలే నడిపి చూపించింది. ఇంత ఉండగా పత్రికల వాళ్లకు సంగారెడ్డి తిండి అనగానే గుర్తొచ్చేది జైలు కూడు! 1796 నాటి పాత జైలును 2016లో మ్యూజియం చేసి, 500 రూపాయలు కట్టిన వాళ్లను ఒక రోజు ఖైదీలా ఉంచి అక్కడి భోజనమే పెట్టారు. ఆ కట్టడం చూడదగ్గదే. మా ఊరి రుచి మాత్రం ఆ పళ్లెంలో లేదు.

ఎక్కడ తినాలని అడిగే కొత్తవాళ్లకు నా జవాబు ఒకటే. పొద్దుగూకాక రోడ్డు పక్కన కట్టెల పొయ్యి ముందు చేత్తో రొట్టె చరిచే అమ్మను వెతుక్కోండి. పెనం మీంచి తీసిన రొట్టెను అక్కడే నిలబడి, నాటుకోడి కూరతోనో పచ్చిపులుసుతోనో తినండి. ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లూ, డాక్టర్లు చెప్పినవాళ్లూ ఆమె దగ్గరికే వస్తున్నారు. చల్లారితే ఆ రొట్టె బిరుసెక్కుతుంది, పార్శిల్ కట్టించుకోకండి.

రోడ్డు వెడల్పు కావాల్సిందే, ప్రమాదాలు చూసి చూసి విసిగిపోయాం. కానీ పెద్ద హోటలుకు పోయిన జాగాకు పరిహారం ఉంటుంది, కాగితం లేని పొయ్యికి ఏమీ ఉండదు. ఇస్నాపూర్, రుద్రారం, కంది దగ్గర సర్వీసు రోడ్డు పక్కన నీళ్లు, దీపం ఉన్న కొద్దిపాటి జాగా రొట్టెలు కాల్చేవాళ్లకు రాసివ్వాలని అధికారులను కోరుతున్నాను. పని పూర్తయ్యాక కాదు, కొలతలు వేస్తున్న ఇప్పుడే.