పాకెట్ పిస్టల్: బీరువాలోని పాత పిస్టల్ అవసరానికి పేలుతుందా? ఓనర్లు చెప్పేదేంటి.. అసలు నిజమేంటి?

దువ్వాడ (విశాఖపట్నం): బీరువాలో లాకర్.. అందులో గుడ్డలో చుట్టి పెట్టిన చిన్న పిస్టల్. ఎప్పుడో నాన్నగారో, మామగారో లైసెన్స్ తీసుకుని కొన్నది. ఎలక్షన్ కోడ్ వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు, ఫలితాలు వచ్చాక తెచ్చుకుంటారు, మళ్లీ లాకర్‌లోకి తోసేస్తారు. ఈ మధ్యలో ఒక్క రౌండ్ కూడా కాల్చరు. కానీ ఎవరైనా అడిగితే మాత్రం 'మాది గట్టి సరుకండీ.. ఇప్పటికీ టంచనుగా పేలుతుంది' అంటారు.

ఆ ధీమా ఎంతవరకు కరెక్ట్? పాత పాకెట్ పిస్టల్ ఓనర్లు సాధారణంగా చెప్పే మాటలేంటి, వాటిలో నిజమెంత, చట్టం ఏం చెబుతోంది.. ఆ వివరాలు చూద్దాం.

అసలు పాకెట్ పిస్టల్ అంటే?

జేబులో పట్టేంత చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్. దీని చరిత్ర అమెరికన్ డిజైనర్ జాన్ బ్రౌనింగ్‌తో మొదలైంది. ఆయన రూపొందించిన .32 ఏసీపీ తూటా, అంటే 7.65 ఎంఎం, 1899లో బయటికొచ్చింది. దాన్ని వాడే పిస్టల్‌ను బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ తయారు చేసింది. ఆ తర్వాత అమెరికాలో కోల్ట్ 1903, బ్రిటన్‌లో వెబ్లీ అండ్ స్కాట్, జర్మనీలో 1929లో వాల్తర్ పీపీ, 1931లో పీపీకే వచ్చాయి. అంతకంటే చిన్నవి .25 బోర్‌వి. అరచేతిలో దాక్కుంటాయి.

మన దేశంలో 9 ఎంఎం, .38 లాంటివి ప్రొహిబిటెడ్ బోర్. మామూలు లైసెన్స్‌దారులకు ఇవ్వరు. అందుకే ఇళ్లలో కనిపించే పిస్టళ్లు ఎక్కువగా .32 బోర్‌వే. పైగా 1980ల మధ్య నుంచి సామాన్యుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. దాంతో అంతకుముందు వచ్చిన విదేశీ పిస్టళ్లే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. వయసు పెరిగినా వాటి మీద మోజు తగ్గకపోవడానికి కారణం ఇదే.

మాట 1: 'అప్పటి ఉక్కు వేరండీ.. చెడిపోదు'

సగం నిజం. పాత పిస్టళ్లలో బాడీ, స్లైడ్ గట్టి ఉక్కుతో చేసినవి. సరిగ్గా చూసుకుంటే వందేళ్లయినా నిలుస్తాయి. కానీ పిస్టల్ మొరాయించేది బాడీ వల్ల కాదు. లోపలి చిన్న చిన్న భాగాల వల్ల. మేగజైన్ స్ప్రింగ్, వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్, ఖాళీ తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, తూటా వెనుక కొట్టే ఫైరింగ్ పిన్.. వీటిలో ఏ ఒక్కటి బలహీనపడినా పని ఆగిపోతుంది.

ఇక మన విశాఖ గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఓ పక్క సముద్రం, పైగా ఉప్పు తేమ. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసినవాళ్లకు తుప్పు గురించి కొత్తగా చెప్పేదేముంది! చాలామంది చేసే తప్పు ఏంటంటే, పిస్టల్‌ను తోలు పౌచ్‌లోనే ఏళ్ల తరబడి ఉంచేయడం. తోలు తేమను పట్టి ఉంచుతుంది. పైకి మెరుస్తున్నా, తోలు తగిలే చోట, గ్రిప్ పలకల కింద తుప్పు మొదలవుతుంది. పొడి గుడ్డ, పల్చగా గన్ ఆయిల్, లాకర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్.. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. ఆయిల్ మరీ ఎక్కువైనా ఇబ్బందే. అది దుమ్ముతో కలిసి జిగురులా గడ్డకడుతుంది.

మాట 2: 'ఎప్పుడూ కాల్చలేదు.. కొత్తదానితో సమానం'

ఓనర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాల్చలేదంటే అరగలేదని అర్థం. పనిచేస్తుందని కాదు. 20 ఏళ్లు షెడ్డులో నిలబెట్టిన స్కూటర్‌ను 'తక్కువ తిరిగింది' అని చెప్పి అర్ధరాత్రి ఆస్పత్రికి బయల్దేరుతామా? ఇదీ అంతే.

మేగజైన్ ఎప్పుడూ నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చుబడుతుందా అన్నదానిపై ఓనర్లలో రెండు వర్గాలు ఉన్నాయి. మంచి స్ప్రింగ్ నింపి ఉంచడం కంటే, పదే పదే నొక్కి వదలడం వల్లే ఎక్కువ అలసిపోతుంది. అయితే మీ చేతిలో ఉన్నది ఎన్నేళ్ల నాటిదో, ముందు ఓనర్ ఎలా వాడారో తెలియనప్పుడు ఈ వాదన వల్ల ఉపయోగం లేదు. పరీక్ష చేయించడమే దారి.

మాట 3: 'తూటాలు కూడా అప్పటివే.. భద్రంగా ఉన్నాయి'

పిస్టల్ కంటే ముందు అనుమానించాల్సింది తూటానే. పొడిగా, చల్లగా ఉంచిన తూటాలు చాలా ఏళ్లు నిలుస్తాయి. వేడి, తేమ తగిలితే లోపలి మందు, ప్రైమర్ దెబ్బతింటాయి. పైన పచ్చగా చిలుము పట్టినవి, నొక్కులు పడినవి వాడకూడదు.

ఈ పిస్టళ్లలో చాలావాటిది ఒకటే సూత్రం. తూటా పేలిన జోరుకే స్లైడ్ వెనక్కి వెళ్తుంది, ఖాళీ తొట్టి బయటపడుతుంది, కొత్త తూటా లోపలికొస్తుంది. మందు బలం తగ్గితే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. ఖాళీ తొట్టి మధ్యలో ఇరుక్కుంటుంది. జనం 'పిస్టల్ జామ్ అయింది' అంటారు. తప్పు తూటాది, నింద పిస్టల్‌కు!

ఇంకో మెలిక ఉంది. .32 ఏసీపీ తూటా అడుగున అంచు కాస్త బయటికి ఉంటుంది. మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ ముడిపడి కదలవు. దీన్నే 'రిమ్ లాక్' అంటారు. పొడవు తక్కువ ఉన్న తూటాలతో ఈ సమస్య ఎక్కువ.

ఇక పేరు చూసి మోసపోవద్దు. రివాల్వర్‌కు వాడే .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ వేరు, పిస్టల్‌కు వాడే .32 ఏసీపీ వేరు. రెండూ '.32' అయినా ఒకదాని బదులు ఒకటి పనికిరాదు.

మాట 4: 'సేఫ్టీ లాక్ ఉందిగా.. భయం దేనికి?'

అసలు ప్రమాదం ఇక్కడుంది. పేలాల్సినప్పుడు పేలకపోవడం ఒక సమస్య. పేలకూడనప్పుడు పేలడం ఇంట్లో పిల్లల ప్రాణాలకే ముప్పు. పాత డిజైన్లలో చాలావాటికి, కింద పడినా పేలకుండా ఫైరింగ్ పిన్‌ను ఆపే ఏర్పాటు లేదు. వందేళ్ల నాటి సేఫ్టీ మీట అరిగిపోయి ఉండొచ్చు కూడా. పేరులో 'హ్యామర్‌లెస్' అని ఉన్న కోల్ట్ 1903లో కూడా హ్యామర్ ఉంది. అది లోపల దాగి ఉంటుంది కాబట్టి, ఎక్కుపెట్టి ఉందో లేదో బయటికి కనిపించదు.

మరో అపోహ: 'మేగజైన్ తీసేశాం కదా, ఖాళీ.' కాదు! ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. మేగజైన్ తీస్తే పేలకుండా ఆపే ఏర్పాటు ఎఫ్ఎన్ 1910 లాంటి కొన్నింటికే ఉంది. చాలావాటికి లేదు. అందుకే ముందు మేగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌ను కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఆ వరుస మారకూడదు. పాత పిస్టల్‌ను ఛాంబర్‌లో తూటాతో జేబులో పెట్టుకుని తిరగడం అస్సలు మంచిది కాదు.

రివాల్వరే నయమా?

చాలామంది ఓనర్లు చివరికి ఈ మాటకే వస్తారు. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క తూటా వస్తుంది. మేగజైన్ గొడవ లేదు. దేశీయంగా .32 రివాల్వర్లు కాన్పూర్‌లో తయారవుతున్నాయి. 2014లో వచ్చిన తేలికపాటి 'నిర్భీక్' కూడా .32 రివాల్వరే. పిస్టల్ కావాలనుకునేవారికి ప్రభుత్వ ఫ్యాక్టరీల 'అశని' .32 ఉంది. అయితే రివాల్వర్ లావుగా ఉంటుంది, జేబులో ఎత్తుగా కనిపిస్తుంది. అది పాతదైతే దానికీ చెకప్ తప్పదు.

టెస్ట్ ఎలా చేయించాలి?

ఊరి చివర తోటలోకి వెళ్లి ఓ రౌండ్ కాల్చి చూద్దాం అనుకోవద్దు. అది లైసెన్స్ షరతుల ఉల్లంఘన. 2019 సవరణ ప్రకారం వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు ఫైన్, లేదా రెండూ.

ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రితో పిన్ను చేయిద్దాం, స్ప్రింగ్ మార్పిద్దాం అనుకోవడం ఇంకా ప్రమాదం. ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేర్ చేయడానికి, టెస్ట్ చేయడానికి కూడా లైసెన్స్ ఉండాలి. లేకుండా చేస్తే శిక్ష కనీసం 7 ఏళ్లు. మేస్త్రినీ ఇరికించినవారవుతారు. కాబట్టి లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గర ఆర్మరర్‌తో చూపించాలి. కాల్చడం అనుమతి ఉన్న రేంజ్‌లోనే.

కాల్చేటప్పుడు రెండు గుర్తుపెట్టుకోండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే లోపలికి తొంగి చూడొద్దు. బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. కొన్నిసార్లు తూటా ఆలస్యంగా పేలుతుంది. 'తుస్సు'మని చిన్న శబ్దం వస్తే అక్కడితో ఆపేయాలి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనుక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ బద్దలవుతుంది.

వారసులు తెలుసుకోవాల్సింది ఇదే..

లైసెన్స్‌దారు చనిపోతే పిస్టల్ 'నాన్న గుర్తు' అని ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం, లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుణ్ని సూచించవచ్చు. 2019 సవరణతో లైసెన్స్ గడువు 5 ఏళ్లు అయింది. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 తుపాకులే. అంతకుముందు 3 ఉండేవి.

ఎలక్షన్ టైమ్‌లో డిపాజిట్ చేసి వెనక్కి తెచ్చుకున్నాక నేరుగా లాకర్‌లో పెట్టేయకండి. నెలల తరబడి ఆయిల్ లేకుండా ఉండి ఉంటుంది. ఆ రోజే చెకప్‌కు మంచి సందర్భం అనుకోండి.

మొత్తంగా చెప్పాలంటే.. పాత పాకెట్ పిస్టళ్లు అన్నీ పనికిరానివని కాదు. పరీక్ష చేయించి, స్ప్రింగులు మార్పించి, కొత్త తూటాలతో రేంజ్‌లో కాల్చి చూసినదాన్ని నమ్మొచ్చు. అదేమీ చేయకుండా కంపెనీ పేరు, తాతగారి మాట చూసి నమ్మితే మాత్రం ఆ ధీమా లాకర్ తలుపు వరకే. ఇంట్లో అలాంటి పిస్టల్ ఉంటే ఈ వారమే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో లైసెన్స్‌దారే చూసుకోవాలి. తూటాలు వేరే తాళంలో పెట్టాలి. మిగతాది ఆర్మరర్ చూసుకుంటాడు.