అధిక ఉష్ణోగ్రత అతివాహక బేరింగులు

అధిక ఉష్ణోగ్రత అతివాహక బేరింగు అంటే తిరిగే భాగాన్ని ఏదీ తాకకుండా అయస్కాంత బలంతో తేలియాడించే ఆధారం. విద్యుత్తును భ్రమణ శక్తిగా దాచుకునే ఫ్లైవీల్ యంత్రాల కోసం 1980ల చివరి నుంచి అమెరికా, జపాన్, జర్మనీ, దక్షిణ కొరియాల్లో దీనిపై పరిశోధన సాగింది. ఘర్షణ సమస్యకు జవాబు తొలి కొన్నేళ్లలోనే దొరికింది. ఆ తర్వాతి కృషిలో అధిక భాగం ఎక్కువ బరువు మోయించడానికీ, చల్లబరచే ఖర్చు తగ్గించడానికీ జరిగింది.

నేపథ్యం

ఫ్లైవీల్‌లో ఉండే శక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అతివేగానికి తట్టుకోవడానికి ఉక్కుకు బదులు కార్బన్ ఫైబర్ చక్రాలు వచ్చాయి. గాలి అడ్డు లేకుండా వాటిని శూన్యంలో తిప్పుతారు. అప్పటికీ బాల్ బేరింగుల రాపిడి, అరుగుదల మిగిలే ఉంటాయి.

మామూలు అయస్కాంతాలతో ఈ చిక్కు పూర్తిగా తీరదు. స్థిర అయస్కాంతాలతో మాత్రమే ఒక వస్తువును అన్ని దిశల్లోనూ నిలకడగా తేలియాడించడం సాధ్యం కాదని శామ్యూల్ ఎర్న్‌షా 1842లో నిరూపించాడు. అందుకే సాధారణ అయస్కాంత బేరింగుల్లో సెన్సర్లు చక్రం స్థానాన్ని క్షణక్షణం గమనిస్తూ ఉంటే, విద్యుదయస్కాంతాలు దాన్ని సరిదిద్దుతుంటాయి.

తగినంత చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయే పదార్థాలైన అతివాహకాలకు ఆ నియంత్రణ అక్కర్లేదు. పాదరసంలో అతివాహకతను కామర్లింగ్ ఓనెస్ 1911లో లైడెన్‌లో కనుగొన్నాడు. అతివాహకం తన లోపలి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని వెలివేస్తుందని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ చూపారు. 1940లలో సోవియట్ శాస్త్రవేత్త అర్కాదియెవ్ అతివాహక స్థితిలో ఉన్న సీసంపై అయస్కాంతాన్ని తేల్చి చూపాడు. అయితే దీనికి 4.2 కెల్విన్ల వద్ద మరిగే ద్రవ హీలియం కావాలి. అంత ఖరీదైన చలితో శక్తి నిల్వ గిట్టుబాటు కాదు.

1986–1990: మలుపు

1986లో జ్యూరిక్ ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్ పింగాణీలో 30 కెల్విన్లకు పైన అతివాహకతను కనుగొన్నారు. మరుసటి ఏడాదే వారికి నోబెల్ బహుమతి లభించింది. 1987లో పాల్ చూ, ఎం.కె. వూ బృందాలు ఇట్రియం–బేరియం–రాగి ఆక్సైడ్‌లో 93 కెల్విన్ల వద్దే ఈ గుణాన్ని చూశాయి. దాంతో 77 కెల్విన్ల, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ ద్రవ నత్రజని సరిపోయింది.

ఈ పదార్థం క్షేత్రాన్ని పూర్తిగా వెలివేయదు. కొంత అయస్కాంత అభివాహం లోపలికి చొరబడి, స్ఫటికంలోని లోపాల వద్ద చిక్కుకుంటుంది. అయస్కాంతం పైకైనా పక్కకైనా జరగబోతే ఆ బంధం వెనక్కి లాగుతుంది. గుండ్రటి అయస్కాంతం తన అక్షం చుట్టూ తిరిగితే మాత్రం క్షేత్రం మారదు, కనుక దాదాపు అడ్డే ఉండదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ మూన్ బృందం చిన్న అయస్కాంతాలను ఇలా నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పింది.

బరువు మోసే పదార్థం

పొడిని కాల్చి చేసిన తొలి పింగాణీ బిళ్లలు ఎక్కువ బరువు మోయలేకపోయాయి. వాటిలోని రేణువుల సరిహద్దులు విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడేవి. పదార్థాన్ని పాక్షికంగా కరిగించి, నెమ్మదిగా చల్లారుస్తూ పెద్ద స్ఫటికాలుగా పెంచే పద్ధతిని బెల్ ప్రయోగశాలల్లో సుంఘో జిన్, జపాన్‌లో మసాతో మురకామి అభివృద్ధి చేశారు. తేల్చే బలం ఎన్నో రెట్లు పెరిగింది.

1990లలో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో జాన్ హల్ బృందం ఘర్షణ గుణకాన్ని పది లక్షల్లో ఒక వంతు స్థాయికి, కొన్ని ప్రయోగాల్లో అంతకంటే కిందికి దించింది. మిగిలిన నష్టానికి ముఖ్య కారణం అయస్కాంతాలలోని అసమానత. క్షేత్రం చుట్టూరా ఒకేలా లేకపోతే, తిరిగేటప్పుడు అతివాహకంలో కొంత శక్తి వేడిగా పోతుంది.

పెద్ద నమూనాలు

అమెరికాలో బోయింగ్ సంస్థ 5 కిలోవాట్ గంటల యంత్రాన్ని, జర్మనీలో ఏటీజెడ్ సంస్థ భాగస్వాములతో కలిసి అదే స్థాయి యంత్రాన్ని రూపొందించాయి. కొరియా విద్యుత్ సంస్థ పరిశోధన కేంద్రం 35 కిలోవాట్ గంటల నమూనాను చేపట్టింది.

అన్నిటిలో పెద్ద ప్రయోగం జపాన్‌ది. రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ తదితరులు నిర్మించిన 100 కిలోవాట్ గంటల, 300 కిలోవాట్ల యంత్రాన్ని 2015లో యమనాషి రాష్ట్రంలోని కోమెకురయామా సౌర విద్యుత్ కేంద్రం వద్ద పరీక్షించారు. దాని కార్బన్ ఫైబర్ చక్రం వ్యాసం 2 మీటర్లు, బరువు 4 టన్నులు. గరిష్ఠ వేగమైన నిమిషానికి 6,000 చుట్ల వద్ద అంచు సెకనుకు సుమారు 630 మీటర్లు కదులుతుంది. అంత భారం మోయడానికి శాశ్వత అయస్కాంతాలు చాలవు. అందుకే స్థిర భాగంలో అతివాహక తీగచుట్టను, తిరిగే భాగంలో అతివాహక దిమ్మెలను అమర్చారు.

పరిమితులు

చిక్కుకున్న అభివాహం కాలక్రమంలో కొద్దికొద్దిగా జారుతుంది, దాంతో చక్రం నెమ్మదిగా కిందికి దిగుతుంది. ముందుగానే అదనపు భారం మోపడం, ఉష్ణోగ్రతను 77 కెల్విన్ల కంటే తగ్గించడం దీనికి విరుగుడు. బాల్ బేరింగులతో పోలిస్తే బిగువు తక్కువ కావడంతో కంపనాలను అణచే ఏర్పాట్లూ కావాలి. వీటన్నిటి పైన శీతలీకరణ యంత్రం ఉంది: 77 కెల్విన్ల వద్ద ఒక వాట్ వేడిని తొలగించడానికి పది వాట్లకు పైగా విద్యుత్తు ఖర్చవుతుంది. చక్రం తిరిగినా ఖాళీగా ఉన్నా ఈ ఖర్చు తప్పదు.

ఈ కారణంగా వాణిజ్య రంగం మరో దారి పట్టింది. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టీఫెన్‌టౌన్‌లో 200 ఫ్లైవీళ్లతో నెలకొల్పిన 20 మెగావాట్ల కేంద్రంలో అతివాహకాలు లేని అయస్కాంత బేరింగులనే వాడారు. నిమిషాల్లో శక్తిని తీసుకుని తిరిగిచ్చే అలాంటి పనికి బేరింగు నష్టం పెద్ద లెక్క కాదు. చక్రాన్ని గంటల తరబడి తిరుగుతూ ఉంచాల్సిన చోట, లేదా టన్నుల బరువును తాకకుండా మోయాల్సిన చోటనే అతివాహక బేరింగుకు తన ఖర్చును రాబట్టుకునే అవకాశం ఉంది.