మందు కూరి పేల్చే రెప్లికా పిస్టల్.. చవకని కొంటే కేసే! చట్టం ఏం చెబుతోందంటే?

చూడ్డానికి పాతకాలపు పిస్టల్. చెక్క పిడి, మెరిసే ఇత్తడి. గొట్టంలో మందు కూరి ట్రిగ్గర్ నొక్కితే గుప్పున పొగ. కొత్త పిస్టల్‌తో పోలిస్తే ధర తక్కువ. పైగా 'లైసెన్స్ అక్కర్లేదు' అన్న మాట. విదేశీ యూట్యూబ్ ఛానళ్లలో ఈ బ్లాక్ పౌడర్ రెప్లికాల వీడియోలు బోలెడు కనిపిస్తాయి. అయితే ఆ మాట నమ్మి ఇక్కడ కొంటే నేరుగా ఆయుధాల చట్టం కింద కేసు. నాటు తుపాకి అంటే కొత్త కాని అడ్డతీగల లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ తేడా తెలుసుకోవడం మరీ ముఖ్యం.

అసలు ఏంటీ పిస్టల్?

తూటా పెట్టి పేల్చే రకం కాదిది. తుపాకి మందు, గుండు విడివిడిగా కూరాలి. చాలా మోడళ్లలో వెనక చిన్న క్యాప్ పెడతారు. సుత్తి దానిపై పడగానే నిప్పు రాజుకుని మందు పేలుతుంది. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్ లాంటి పాత మోడళ్లకు ఇవి నకళ్లు. ఇటలీలోని ఉబెర్టీ, పియెట్టా, పెడెర్సోలి కంపెనీలు వీటికి పేరుమోసినవి. పేరుకే రెప్లికా, పేలితే మాత్రం అసలు తుపాకే. ప్రాణం తీస్తుంది.

అమెరికాలో అలా.. ఇక్కడ ఇలా

అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898 వరకు తయారైన తుపాకులు, ఆధునిక తూటాలు వాడని వాటి నకళ్లు 'యాంటిక్' లెక్కలోకి వస్తాయి. అందుకే ఫెడరల్ చట్టం వాటిని మామూలు తుపాకులుగా చూడదు. అక్కడ కూడా రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. అక్కడున్న మనవాళ్లు సరదాగా కొని, సెలవులకు వస్తూ సూట్‌కేసులో పడేసుకొస్తే మాత్రం చిక్కే. లైసెన్స్ లేకుండా ఆయుధాన్ని దేశంలోకి తేవడాన్ని మన చట్టంలోని సెక్షన్ 10 ఒప్పుకోదు.

మన చట్టం చూసేది ఒక్కటే.. పేలుతుందా, లేదా?

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. పేలుడు శక్తితో గుండును బయటికి విసిరేలా తయారైన ఏ ఆయుధమైనా దాని ప్రకారం 'ఫైర్ ఆర్మ్' కిందికే వస్తుంది. పాత డిజైనా, కొత్త డిజైనా, వెల ఎంత అన్నది చట్టానికి అనవసరం. మరమ్మతు చేసినా పేలని పాత వస్తువులకు మాత్రమే సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. కొత్తగా తయారై, చక్కగా పేలే రెప్లికాకు ఇది వర్తించదు.

శిక్షలు కూడా చిన్నవి కావు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకి దగ్గరుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. లైసెన్స్ లేకుండా తయారు చేసినా, అమ్మినా 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా పడొచ్చు. బొమ్మ తుపాకిని పేలేలా మార్చడం కూడా నేరమే. ఇక తుపాకి మందు, క్యాప్‌లు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తాయి. అంటే పిస్టల్ ఒక్కటే కాదు, దాంతో పాటు కొనే సామాను కూడా చిక్కు తెచ్చేదే.

అడ్డతీగలకు, తుపాకికి పాత లెక్కే

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు, తూటాలు పట్టుకెళ్లింది. అదే ఏడాది అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్ వంతు వచ్చింది. మన్యంలో తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్నది వందేళ్ల కిందటే అంత పెద్ద విషయం. ఇప్పుడు అడవి పందుల బెడద ఉంది. రాత్రికి రాత్రే పంట నాశనమైతే రైతుకు ముందు గుర్తొచ్చేది నాటు తుపాకే.

పంట కాపలాకు దారి ఉంది

చాలామందికి తెలియని సంగతి ఇది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే, మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్స్ ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. సెక్షన్ 13లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలి, పోలీసులు విచారణ చేస్తారు, వయసు 21 నిండాలి. అయితే ఈ వీలు పంట కాపలా తుపాకికే. వీడియోలో చూసిన రెప్లికా పిస్టల్‌ను ఆ పేరు చెప్పి సరదాకు కొనుక్కోవడం కుదరదు.

ఇంకో మెలిక కూడా ఉంది. తుపాకికి లైసెన్స్ వచ్చినంత మాత్రాన వేటకు అనుమతి వచ్చినట్టు కాదు. పందిని కాల్చాలన్నా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి విడిగా ఉండాల్సిందే.

మరి ఏం చేయాలి?

- నాటకం, షార్ట్ ఫిల్మ్, అల్లూరి వేషం కోసమైతే చెక్క, ఫైబర్ లేదా గొట్టం పూర్తిగా మూసేసిన డమ్మీ చాలు. దాన్ని చూపించి ఎవరినైనా బెదిరిస్తే మాత్రం కేసు తప్పదు.
- విమానం ఎక్కేటప్పుడు డమ్మీ తుపాకినైనా హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవద్దు.
- 'లైసెన్స్ అక్కర్లేదు' అని ఎవరైనా అమ్మజూపితే ఒక్కటే అడగండి.. ఇది పేలుతుందా? పేలుతుందంటే లైసెన్స్ కావాల్సిందే.
- తాతల నాటి తుపాకి ఇంట్లో మూలన పడి ఉంటే దాచిపెట్టొద్దు, ఎవరికీ అమ్మొద్దు. పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. ఏజెన్సీలో నాటు తుపాకులు స్వచ్ఛందంగా ఇచ్చేయాలని పోలీసులు తరచూ పిలుపునిస్తూనే ఉన్నారు.

చవగ్గా వచ్చిందని కొన్న పిస్టల్ కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తే, అయ్యే ఖర్చు దాని ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.