మదనపల్లె మండీవీథి

పెద్దతిప్పసముద్రమునుండి బి. కొత్తకోట మీదుగా మేమొక్కరమే మదనపల్లెకుఁ బోయి, టమాటా మండీలవీథిఁ జొచ్చితిమి. లారీలు, హమాలీల కేకలు, పండ్లపెట్టెల కొండలు! ఒంటరి బాటసారికిఁ బలుకరించువారు లేకున్నను జూచుటకుఁ దీఱిక గలదు.

ఈ పండు మనది గాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా, పెంపుడుపంటయైనది మెక్సికోలో. 1911 వఱకు మదనపల్లె కడప జిల్లాలోనిది. ఆ కడపసీమ తాళ్లపాకవాఁడైన అన్నమయ్య 1503లో గతించునాఁటికి దీని పేరైన నిచ్చట వినఁబడలేదు. పోర్చుగీసువారి యోడలతో వచ్చినదందురు. పితృకార్యములందు దీనిని వండని యిండ్లు నేఁటికిని గలవు. ఆ యింటివారే మఱునాఁడు దీనితోఁ జారు కాఁచుకొందురు!

వంటయింటి యాచారము సడలినది గాని, పండించువాని గతి మాఱలేదు. నారు నాటినవాఁడు, కట్టెలు పాతినవాఁడు వేలముపాటయొద్ద మూఁగవాఁడై నిలుచును. ధరఁ జెప్పువాఁడు కొనువాఁడు, కమీషను మండీవానిది. 2023 జూలైలో కిలో నూఱు రూపాయలు దాఁటినపుడు పత్రికలు పలుమాఱు లీ మార్కెట్టు పేరు వ్రాసెను. కోఁతకూలియైనఁ గిట్టక పండ్లను రోడ్డుపైఁ బాఱఁబోసిన దినములఁ దలఁచినవా రెందఱు?

పాట ముగిసినది. మా ప్రక్కనున్న వృద్ధరైతు చీటీని మడిచి తలపాగలోఁ దోఁపుకొని, “మీ ఊర్లో కిలో ఎంత, సామీ?” యని యడిగెను. చెప్పితిమి. అతఁడు నవ్వెను.