లందకు పేరుంది, పల్పుకు లేదు

కాలుష్యం చరిత్రను మన మేధావులు ఫ్యాక్టరీ గొట్టం దగ్గర మొదలుపెడతారు. మేము ఊరవతలి లంద దగ్గర మొదలుపెడుతున్నాం. నీళ్లను మైలపరిచేది ఎవరన్న ప్రశ్నకు ఈ దేశంలో ఫ్యాక్టరీలు రాకముందే కులం జవాబు చెప్పేసింది గనుక.

లంద అంటే మాదిగలు తోలు నానబెట్టే గుంత. అందులో వాడింది సున్నం, తంగేడు చెక్క. కంపు కొట్టిన మాట నిజమే. కానీ అది మట్టి అరిగించుకునే మురికి. క్రోమియం వాడే తోలు ఫ్యాక్టరీల సంగతి వేరు, దాన్ని లందకు అంటగట్టొద్దు. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెన నీళ్లతోనే దొరల పొలాలు పారినయి. బొక్కెనకు లేని అంటు, కుట్టిన చేతికి ఎట్లా వచ్చింది? 1927లో మహద్‌లో అంబేద్కర్, ఆయనతో వచ్చిన దళితులు చౌదార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు పోసి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. ఏ పరీక్షా అడగలేదు. కులం పేరే రుజువు.

ఇక మన గోదావరి ఒడ్డుకు వద్దాం. మంగపేట మండలం కమలాపురంలో (అప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా) ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ మిల్లు నడిచేది. తర్వాత అది బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి పోయింది, జనం 'బిల్టు' అన్నారు. కర్రను రసాయనాల్లో ఉడికించి, రేయాన్ దారానికి కావలసిన పల్పు తీయడం దాని పని.

1977 నాటి నీటి సెస్సు చట్టం కింద ఈ మిల్లు సెస్సు కట్టాలని రాష్ట్ర కాలుష్య నివారణ బోర్డు అడిగింది. కంపెనీ కోర్టుకెక్కింది. చట్టం పట్టికలో 15 రకాల పరిశ్రమలున్నాయి. రసాయనాలు, బట్టలు, కాగితం అన్నీ ఉన్నాయి. జంతువుల నుంచి వచ్చే సరుకు తయారీ కూడా ఉంది. రేయాన్ పల్పు పేరు మాత్రం లేదు. ఇది రసాయన పరిశ్రమా కాదు, బట్టల పరిశ్రమా కాదు, కాగితం పరిశ్రమా కాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. సెస్సు ఒక పన్ను, పన్ను చట్టంలో అక్షరం దాటి అర్థం తీయరాదన్నది న్యాయసూత్రం. సూత్రాన్ని మేము తప్పుపట్టడం లేదు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం మిల్లుకు వర్తించకుండా పోలేదు కూడా. మేము చూపేదల్లా ఒకటే: పేదవాడి అంటుకు పట్టిక అక్కర్లేదు, పెట్టుబడి మురికికి పట్టికలో పేరుండాలి!

పేరు లేకపోవడం చిన్న సంగతి కాదు. ఆ కాలపు పల్పు మిల్లులు గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ వాడేవి. కర్రలోని లిగ్నిన్‌తో క్లోరిన్ కలిస్తే ఆర్గానోక్లోరిన్లు పుడతాయి. వాటిలో డయాక్సిన్ల వంటివి ఏళ్ల తరబడి విరగవు. అడుగు బురదలో దాగి, చేప కొవ్వులో చేరి, చేప తిన్న మనిషికి ఎక్కుతాయి. నీళ్లు ఎంత ఆక్సిజన్ పీలుస్తాయో చూసే మామూలు పరీక్షకు ఇవి చిక్కవు. 2001 స్టాక్‌హోం ఒప్పందం క్లోరిన్‌తో తెల్లబరిచే పల్పు తయారీని వీటి పుట్టుక స్థానాల్లో ఒకటిగా పేర్కొంది. భారతదేశం 2006లో దాన్ని ఆమోదించింది. అంటే పేరు వచ్చేసరికి కోర్టు తీర్పు మీద 13 ఏళ్లు గడిచాయి.

కేరళలో చాలియార్ ఒడ్డున మావూరు రేయాన్స్ మీద వాళక్కాడ్ జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. 1999లో అక్కడ ఉత్పత్తి ఆగింది. కమలాపురం మిల్లు 2014లో ఆగింది. ఆ సెస్సు చట్టమే 2017లో రద్దయింది. మిల్లు నడిచినన్నాళ్లూ 'ఏరు కావాలా, కూలి కావాలా' అని శ్రామికుణ్ణి అడిగారు. మూతపడ్డాక కూలీ పోయింది. పెట్టుబడి ఎటైనా పోతుంది. ఏటి ఒడ్డున చేప పట్టేవాడు, గొడ్డును తోలేవాడు, వాడలో ఉండేవాడు ఎటు పోతాడు?

అందుకే మేం అడుగుతున్నాం. మూతపడిన మిల్లు నేలనూ, ఏటి అడుగు బురదనూ పరీక్షించాలి. ఫలితాలను తెలుగులో ఒడ్డు ఊళ్లలో చదివి వినిపించాలి. లందకు వేల ఏళ్లుగా పేరు పెట్టిన సమాజం, ఇప్పుడైనా ఈ మురికికి పేరు పెట్టి పిలవాలి.