పులిని జూచి నక్క వాత పెట్టుకొన్నట్లు: ఒక లోకోక్తి విచారము

అనుకరణమును నిందించు తెలుగు లోకోక్తులలో “పులిని జూచి నక్క వాత పెట్టుకొన్నట్లు” అనునది మిక్కిలి ప్రసిద్ధము. జంతుకథవలె నున్నది గావున దీనిని సంస్కృతకథాజన్యమని తలచుట సులభము. ఆ తలంపు ఎంతవరకు నిలుచునో, ఉక్తితాత్పర్య మెక్కడ నున్నదో విచారింపదగియున్నది.

పంచతంత్రమున నీలిబానలో బడి రంగు మారిన నక్కకథ కలదు. వ్యాఘ్రచర్మము గప్పుకొని చేలు మేసిన గాడిదకథయు గలదు. పాలిజాతకములలో 189వదియగు సీహచమ్మజాతకమున నా గాడిదయే సింహచర్మముతో గానవచ్చును. కాని యీ కథల సారము పరవంచన. కూతతో గుట్టు బయటపడుటయే వాని ముగింపు. లోకోక్తిలోని నక్క యెవరిని వంచింపలేదు. దీనికి సన్నిహితములు 143వదియగు విరోచనజాతకమును, 204వదియగు వీరకజాతకమును. మొదటిదానిలో సింహమువలె నేనుగును జంపబోయిన నక్కయు, రెండవదానిలో నీటికాకివలె చేపలకై మునిగిన కాకియు నశించును. భావము పోలినను వానియందు వాత లేదు.

వాతయే యీ యుక్తికి ప్రాణము. ఇది గాలియను నర్థముగల సంస్కృత వాతశబ్దము కాదు. కాల్చిన యినుముతో నొంటిపై వేయు గుర్తునకు పేరైన దేశ్యపదము. పశువుల జబ్బులకు వాతలు పెట్టుట పల్లెలలో దీర్ఘకాలము సాగిన చికిత్స. పొరుగు భాషలును ఈ విషయమున సాక్ష్యమిచ్చుచున్నవి. కన్నడమున నక్కయే పులిని జూచి ‘బరె’ వేసికొనును. తమిళమున నక్కకు మారుగా పిల్లి ‘చూడు’ పెట్టుకొనును. ఈ రెండును కాల్పుగుర్తులే. జంతువు మారినను కాల్పు మారలేదు. కావున నీ యుక్తి గ్రంథస్థకథనుండి గాక, పశువులను బెంచు జనుల వాడుకనుండి పుట్టి దక్షిణదేశమున వ్యాపించినదనుట సమంజసము.

కప్పుకొన్న చర్మమును తీసివేయవచ్చును. పూసిన రంగును కడిగివేయవచ్చును. వాత మాత్రము చెరగదు. పులిచారలు నొప్పిలేక పుట్టుకతో వచ్చినవి. నక్క నొప్పికోర్చి గుర్తును సంపాదించెను గాని బలమును సంపాదింపలేదు. ధనికుని యింటి పెండ్లిని జూచి, అప్పుచేసి అంతటి పందిరి వేసినవానియెడ నీ యుక్తి సార్థకము.

అయితే బీదయింటి బాలుడు పెద్దచదువునకు బూనినపుడు నీ మాటతోనే యెత్తిపొడుచుట లోకమున గలదు. అది యపప్రయోగము. తృతీయాంతముపై తుల్యార్థమున వతిప్రత్యయమును విధించుచు, ఆ తుల్యత క్రియయందే యుండవలెనని పాణిని నియమించెను. తెలుగున ‘అట్లు’ అనునదియు నిచట ‘నక్క’ను గాక, చిన్నయసూరి బాలవ్యాకరణపరిభాషలో (1858) ధాతుజవిశేషణమగు ‘పెట్టుకొన్న’ అను పదమును ఆశ్రయించినది. కావున సామ్యము వాత పెట్టుకొనుటయందే గాని నక్కగా బుట్టుటయందు గాదు. చదువు వాత కాదు. అభ్యాసముచే నెవనికైనను సిద్ధించు గుణము.

అనుకరణమంతయు నింద్యమైనచో శిష్యుడు గురువు నుచ్చారణము ననుసరింపరాదు; లోకుల నడవడి ననుకరించుటయే నాట్యమని భరతుడు చెప్పియుండరాదు. గుణమును విడిచి గుర్తును బట్టుటయే యిచట నింద్యము. బడిలో నీ యుక్తిని బోధించునపుడు నక్క పుట్టుకను గాక వాతయొక్క వ్యర్థతను జూపుట యుపాధ్యాయునకు విధి. లేనిచో హెచ్చరికగా బుట్టిన మాట తిట్టుగా మిగులును.