‘ఓజ్’ కథలో వెండి చెప్పులు: ప్రతీకాన్వేషణ – ప్రమాణం

ఎల్. ఫ్రాంక్ బామ్ ‘ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’ 1900లో వెలువడింది. 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు ‘అమెరికన్ క్వార్టర్లీ’ పత్రికలో ఈ పిల్లల కథను 1890ల నాటి రాజకీయాలకు అన్యాపదేశంగా వ్యాఖ్యానించారు. ఆ కాలంలో పంటల ధరలు పడిపోయి, అప్పుల భారం పెరిగిన రైతులు బంగారంతో పాటు వెండినీ అపరిమితంగా నాణేలుగా ముద్రించాలని కోరారు. విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1896లో ఆ నినాదంతోనే అధ్యక్ష పదవికి పోటీచేసి, మెకిన్లీ చేతిలో ఓడిపోయారు.

లిటిల్‌ఫీల్డ్ దృష్టిలో గడ్డిబొమ్మ రైతు, రేకు మనిషి కార్మికుడు, పిరికి సింహం బ్రయన్. పసుపు ఇటుకల బాట బంగారానికీ, డొరొతీ చెప్పులు వెండికీ ప్రతీకలు. 1939 నాటి చలనచిత్రంలో ఆ చెప్పులు కెంపు రంగుకు మారాయి. కనుక ఈ అన్వయానికి మూలపాఠమే ఆధారం. 1990లో ఆర్థికవేత్త హ్యూ రాకాఫ్ దీనిని మరింత విస్తరించారు.

అయితే బామ్ 1896లో మెకిన్లీని సమర్థిస్తూ పద్యం ప్రచురించారు. ఈ కథను పిల్లల ఆనందం కోసమే రాశానని పీఠికలో చెప్పుకున్నారు. తన అన్వయం విద్యార్థులకు చరిత్ర బోధించే క్రమంలో రూపొందిందని, బామ్ ఉద్దేశానికి అది రుజువు కాదని తదనంతరం లిటిల్‌ఫీల్డే అంగీకరించారు. పోలిక కుదిరినంత మాత్రాన రచయిత ఉద్దేశం నిరూపితం కాదు. ఈ వ్యాఖ్యానాన్ని బోధనోపకరణంగా స్వీకరించవచ్చు. చారిత్రక సాక్ష్యంగా స్వీకరించరాదు.